కేబుల్ లేని టీవీ – 4వ పాఠం: ఆలస్యం ఎక్కడ పుడుతోంది?

ముందు మూడో పాఠంలో ఇచ్చిన పని సంగతి చూద్దాం. ఇంట్లో ఎవరెవరు ఏ చానల్ చూస్తున్నారో రాసుకుని, ఒక్కో చానల్‌కి ఎదురుగా అది దొరికే యాప్ పేరు రాయమన్నాను. చాలామంది పట్టిక ఇంచుమించు ఇలాగే ఉంటుంది: ఈటీవీకి ఈటీవీ విన్, జెమినికి సన్ నెక్స్ట్, జీ తెలుగుకి జీ5, స్టార్ మాకి జియోహాట్‌స్టార్. వార్తా చానళ్ళు చాలావరకు యూట్యూబ్‌లో లైవ్ వస్తాయి. తిరుమల సేవల కోసం ఎస్వీబీసీ చూసేవాళ్ళకు కూడా యూట్యూబ్ చాలు. సప్తగిరి, యాదగిరి మాత్రమే చూసే ఇంట్లో అయితే నెలవారీ కట్టక్కర్లేని డీడీ ఫ్రీ డిష్ పెట్టుకోవడం మేలు. పట్టికలో ఒక్క గడి ఖాళీగా మిగిలినా కేబుల్ ఇప్పుడే తీయించకండి. ఆ ఒక్క చానల్ కోసమే రోజూ టీవీ ముందు కూర్చునే పెద్దవాళ్ళు ఇంట్లో ఉండొచ్చు. వాళ్ళకు ఇబ్బంది కలిగించి మనం మిగుల్చుకునే డబ్బు మనకొద్దు.

ఇక ఈ పాఠం. హాల్లో టీవీకి కలిపి యాప్‌లు చూసే బాక్స్ మీద సినిమా చక్కగా ఆడుతుంది. అదే బాక్స్‌కి గేమ్ ఆడే కంట్రోలర్ కలిపి, లోపలి గదిలోని కంప్యూటర్ నుంచి ఆటను టీవీ మీదకు తెచ్చుకుంటే మాత్రం బొమ్మ ముక్కలవుతుంది, బటన్ నొక్కాక ఎప్పటికో బండి మలుపు తిరుగుతుంది. అందరూ వెంటనే బాక్స్‌ని తప్పు పడతారు, ఇంకా ఖరీదైనది కొనాలేమో అనుకుంటారు. కొనకండి. తప్పు ఎక్కువసార్లు దారిలోనే, అంటే కంప్యూటర్ నుంచి టీవీ దాకా ఉన్న ఇంటి నెట్‌వర్క్‌లోనే ఉంటుంది. ఆ దారిని కొలవడం, సరిచేయడం ఈ పాఠంలో నేర్చుకుందాం.

సినిమాకి లేని కష్టం ఆటకి ఎందుకు? మీ ఇంటి మీద ట్యాంకు ఉంటే మున్సిపాలిటీ నీళ్ళు గంటసేపే వచ్చినా కుళాయి రోజంతా పారుతుంది కదా. వీడియో యాప్‌లు చేసేది ఇదే. రాబోయే కొన్ని సెకన్ల బొమ్మను ముందే తెచ్చి నిలవ ఉంచుకుంటాయి. ఆ నిలవ పేరే బఫర్. మధ్యలో వైఫై ఒక సెకను తడబడినా నిలవలోంచి తీసి చూపిస్తాయి కాబట్టి మనకు తెలియనే తెలియదు. లైవ్ క్రికెట్‌లో ఈ నిలవ వల్లే ఇబ్బంది. కేబుల్ ఉన్న పక్కింట్లో సిక్సర్‌కి కేకలు వినిపించాక పది, ఇరవై సెకన్లకో, ఇంకా ఆలస్యంగానో మన టీవీలో బౌలర్ పరుగు మొదలుపెడతాడు. చికాకే అయినా ఆట చూడటానికి అడ్డేమీ లేదు.

గేమ్‌కి ఈ నిలవ కుదరదు. మీరు ఏ బటన్ నొక్కుతారో ముందే తెలియదు కాబట్టి రాబోయే బొమ్మను ముందే తయారుచేసి ఉంచలేరు. సెకనుకు 60 బొమ్మలు ఆడే ఆటలో ఒక్కో బొమ్మకు దక్కే సమయం 16.7 మిల్లీసెకన్లు. దారిలో ఒక ప్యాకెట్ (నెట్‌వర్క్ మీద పంపే సమాచారపు ముక్క) 80 మిల్లీసెకన్లు చిక్కుకుపోతే నాలుగైదు బొమ్మలు పోయినట్టే. అందుకే ఇంటి నెట్‌వర్క్‌లోని లోపాన్ని సినిమా కప్పిపుచ్చితే, ఆట బయటపెడుతుంది. ఆటకు పనికొచ్చేలా ఇంటిని సరిచేసుకుంటే సీరియళ్ళు, సినిమాలు వాటంతటవే బాగుపడతాయి.

ఇక్కడ స్పీడ్ టెస్ట్ నమ్మి మోసపోవద్దు. నెట్‌ఫ్లిక్స్ 1080పీకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15 ఎంబీపీఎస్ చాలంటుంది. ఇంటి కంప్యూటర్ నుంచి ఆటను 1080పీలో తెచ్చే మూన్‌లైట్ యాప్‌కి సుమారు 20 ఎంబీపీఎస్ సరిపోతుంది, అదీ మీ రౌటర్ లోపలే తిరుగుతుంది కాబట్టి ఇంటర్నెట్ ప్లాన్‌తో సంబంధమే లేదు. 300 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్నా ఆట తడబడుతోందంటే ఆలస్యం నిలకడగా లేదని అర్థం. మనం కొలవాల్సింది ఆ నిలకడనే.

కొలిచే పద్ధతి సులువు. ల్యాప్‌టాప్‌ని తెచ్చి టీవీ పక్కనే, బాక్స్ ఉన్న చోటే పెట్టండి. బాక్స్ వాడే వైఫైకే దాన్ని కలపండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ అని ఇంగ్లిషులో టైప్ చేసి, ఖాళీ వదిలి, రౌటర్ చిరునామా ఇచ్చి, మళ్ళీ ఖాళీ వదిలి మైనస్ గుర్తు, దాని పక్కనే టి అక్షరం కొట్టండి. రౌటర్ చిరునామా సాధారణంగా దాని అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది, చాలా రౌటర్లకు అది 192.168.1.1. ఎంటర్ నొక్కితే సెకనుకో వరుస వస్తుంది, ప్రతి వరుసలో ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో ఉంటుంది. ఐదు నిమిషాలు వదిలేసి, కంట్రోల్‌తో సి నొక్కి ఆపండి. ఈ పని సాయంత్రం, అపార్ట్‌మెంట్‌లో అందరూ ఇళ్ళలో ఉండే వేళ చేస్తేనే నిజం తెలుస్తుంది.

సగటు అంకెను పట్టించుకోకండి. పెద్ద అంకెలు ఎన్నిసార్లు వచ్చాయో చూడండి. తీగతో కలిపి ఉంటే దాదాపు ప్రతి వరుసలోనూ 1 లేదా అంతకంటే తక్కువే కనిపిస్తుంది. వైఫై వాడే రెండు పట్టీలు 2.4, 5 గిగాహెర్ట్జ్. మంచి 5 గిగాహెర్ట్జ్ వైఫైలో 2 నుంచి 5 మధ్య ఆడుతుంది. కిక్కిరిసిన 2.4 గిగాహెర్ట్జ్‌లో 3, 4, 3, 90, 5, 140 ఇలా ఎగిరెగిరి పడుతుంది. ఈ 90, 140 వచ్చిన క్షణాల్లోనే మీ బండి గోడను గుద్దుకునేది.

అసలైన మందు తీగే. "గోడలు పగలగొట్టించాలా?" అని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అక్కర్లేదు. మీరు తీసేయబోతున్న కేబుల్ లేదా డిష్ తీగ ఇప్పటికే గోడలోని ఒక పైపు గుండా టీవీ దాకా వచ్చి ఉంది. కేబుల్ లేని ఇంట్లో ఆ పైపు అంత విలువైనది ఇంకొకటి లేదని నా అభిప్రాయం. పాత తీగ కొసకు కొత్త క్యాట్6 (నెట్ తీగలో ఒక రకం) తీగను టేపుతో గట్టిగా, సన్నగా, ముడి ఉబ్బకుండా చుట్టండి. ఒకరు అవతల పాత తీగను నెమ్మదిగా లాగుతుంటే ఇంకొకరు ఇవతల కొత్తదాన్ని లోపలికి తోస్తూ ఉండాలి. పాతది పూర్తిగా బయటికొచ్చేసరికి కొత్తది దాని చోటులోకి వచ్చి ఉంటుంది. రెండూ ఇంచుమించు ఒకే మందం కాబట్టి పైపులో పడతాయి. ఎక్కడైనా బిగుసుకుంటే బలం చేయకండి, వెనక్కి కొంచెం తీసి మళ్ళీ లాగండి. పాత తీగ తెగిపోతే ఆ దారి మూసుకుపోయినట్టే.

మూడు జాగ్రత్తలు. పైపులో కరెంటు తీగలు కూడా ఉన్నాయేమో ముందే చూసుకోండి. ఉంటే అందులో నెట్ తీగ వేయకూడదు, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి వేరే దారి చూపించుకోండి. రెండోది, తీగ లాగేటప్పుడు కొసకు క్లిప్ (పోర్టులో గుచ్చే ప్లాస్టిక్ ముక్క) ఉండకూడదు, లాగాకే క్లిప్ బిగించాలి. రెండు కొసల్లోనూ రంగుల వరుస ఒకటే ఉండాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. మూడోది, దుకాణంలో పూర్తి రాగి తీగే కావాలని అడగండి. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న రకం చవక కానీ మెలికల దగ్గర త్వరగా విరుగుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఇంకా సులువైన దారి ఉంది. అక్కడి ఇళ్ళలో గది గదికీ కేబుల్ తీగ ముందే వేసి ఉంటుంది. మోకా అనే అడాప్టర్లు జత కొని, రౌటర్ దగ్గర ఒకటి, టీవీ దగ్గర ఒకటి పెడితే ఆ పాత తీగ మీదే నెట్ నడుస్తుంది. మోకా 2.5 రకం 2.5 జీబీపీఎస్ దాకా మోస్తుంది. ఇంటి తీగ బయటి కేబుల్ లైన్‌కి కలిసి ఉంటే, అది లోపలికి వచ్చే చోట మోకా ఫిల్టర్ బిగించడం మరవకండి.

బాక్స్‌కి నెట్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే ఉందని కొందరు దిగులు పడతారు. ఫైర్ టీవీ స్టిక్‌కి విడిగా అమ్మే అడాప్టర్ అలాంటిదే. పైన చెప్పిన అంకెలు మళ్ళీ చూడండి, 20కి 100 చాలు. గూగుల్ టీవీ స్ట్రీమర్, ఎన్విడియా షీల్డ్ ప్రో లాంటి వాటికి గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టు ఉంది, కానీ దానికోసమే బాక్స్ మార్చాల్సిన పని లేదు.

అద్దె ఇల్లు, తీగ కుదరదు అంటే బాక్స్‌ని తప్పకుండా 5 గిగాహెర్ట్జ్ మీద పెట్టండి. అందువల్ల ఇంకో లాభం ఉంది: బ్లూటూత్ కంట్రోలర్ వాడేది 2.4 గిగాహెర్ట్జ్ గాలినే, వైఫై అక్కణ్ణించి తప్పుకుంటే బటన్లు కూడా తడబడవు. స్టిక్ రకం అయితే టీవీ వెనక లోహపు రేకుకు అతుక్కుని ఉంటుంది. పెట్టెలో ఇచ్చిన పొట్టి హెచ్‌డీఎంఐ ముక్కతో దాన్ని కొంచెం బయటికి తీయండి. చాలామంది ఆ ముక్కను అనవసరమని డబ్బాలోనే వదిలేస్తారు. రౌటర్‌ని షోకేసు లోపల తలుపులు మూసి పెట్టకండి.

దారి బాగుపడ్డాక మిగిలేది టీవీ. బొమ్మను అందంగా చూపడానికి టీవీ లోపల చాలా పని జరుగుతుంది, ఆ పనికి సమయం పడుతుంది. మామూలు పిక్చర్ మోడ్‌లో చాలా టీవీలు 50 మిల్లీసెకన్లు దాటిస్తాయి, కొన్నింట్లో 100 కూడా దాటుతుంది. గేమ్ మోడ్ వేస్తే అది 10, 20కి దిగుతుంది. ఒక్క మీట నొక్కితే ఇంత లాభం ఇంకెక్కడా రాదు, అందుకే దీన్ని వాయిదా వేయకండి. ఈ మోడ్ ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకి విడిగా ఉండొచ్చు, కాబట్టి బాక్స్ కలిపిన పోర్టులోనే వేశారో లేదో చూసుకోండి. బ్లూటూత్ సౌండ్‌బార్ ఉంటే ఆట సమయంలో దాన్ని వదిలేసి హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని సౌండ్‌బార్‌కి పంపే హెచ్‌డీఎంఐ పోర్టు) ద్వారా కలపండి. సినిమాలో పెదవులకూ మాటకూ జత కుదిర్చే సర్దుబాటు ఆటలో జరగదు, తుపాకీ పేలాక శబ్దం వస్తుంది.

సినిమాలకు మళ్ళీ మామూలు మోడ్ వేసుకోండి. ఇంకో చిన్న సంగతి, సినిమాలు సెకనుకు 24 బొమ్మలవి, మన దేశంలో టీవీ ప్రసారాలు 25, 50 లెక్కవి. బాక్స్ ఎప్పుడూ 60 లెక్కలోనే ఉంటే కెమెరా పక్కకు తిరిగినప్పుడల్లా బొమ్మ కుదుపుతుంది. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే విభాగంలో మ్యాచ్ ఫ్రేమ్ రేట్ అని ఉంటే ఆన్ చేయండి. దీని గురించి విడిగా ఒక పాఠమే ఉంది.

ఇప్పుడు ఆటను తెచ్చుకుందాం. కంప్యూటర్‌లో ఆటను పంపే సన్‌షైన్, బాక్స్‌లో దాన్ని అందుకునే మూన్‌లైట్ వేయండి. రెండూ ఉచితం, సోర్స్ కోడ్ అందరికీ తెరిచి ఉన్నవే. కంప్యూటర్ ఆటను టీవీకి పంపే తన గేమ్‌స్ట్రీమ్ సదుపాయాన్ని ఎన్విడియా షీల్డ్ నుంచి 2023లో తీసేసినా, ఈ జోడీ ఆ పని చేస్తోంది. మూన్‌లైట్‌లో మీ కంప్యూటర్ పేరు నొక్కితే నాలుగంకెల పిన్ చూపిస్తుంది, దాన్ని కంప్యూటర్ బ్రౌజర్‌లో తెరుచుకునే సన్‌షైన్ పేజీలో ఇవ్వాలి. స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో ఆటలు కొన్నవాళ్ళు స్టీమ్ లింక్ యాప్‌తో ఇంకా తేలిగ్గా మొదలుపెట్టొచ్చు. కంట్రోలర్ కలపడానికి: ప్లేస్టేషన్ 4 దానికైతే షేర్, పీఎస్ బటన్లు కలిపి దీపం మెరిసేదాకా పట్టుకోండి. ప్లేస్టేషన్ 5 దానికి షేర్ బదులు క్రియేట్. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌కి పైన ఉన్న చిన్న పెయిర్ బటన్ నొక్కి పట్టాలి.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు బాక్స్, మీ ఫైళ్ళున్న కంప్యూటర్ ఒకే నెట్‌వర్క్‌లో మాట్లాడుకుంటున్నాయి. ఊరూ పేరూ లేని చవక బాక్సుల్లో ఫ్యాక్టరీలోనే వైరస్ పెట్టి అమ్మినవి దొరికాయి. ఇలాంటి పరికరాలతో నడిచే బ్యాడ్‌బాక్స్ 2.0 అనే మోసగాళ్ళ నెట్‌వర్క్ గురించి అమెరికా ఎఫ్‌బీఐ 2025 జూన్‌లో ప్రజలను హెచ్చరించింది. అన్ని చానళ్ళూ జీవితాంతం ఉచితం అంటూ అమ్మే బాక్స్ ఇంట్లో ఉంటే, దయచేసి ఈ పాఠం దానితో చేయకండి. ముందు దాన్ని నెట్ నుంచి తీసేయండి.

ఈ వారం అభ్యాసం. మూన్‌లైట్ సెట్టింగ్స్‌లో ఆట నడుస్తుండగా గణాంకాలు చూపే మీట ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. నెట్‌వర్క్ ఆలస్యం, డీకోడింగ్‌కి (వచ్చిన బొమ్మను బాక్స్ విప్పడానికి) పట్టే సమయం తెర మీద కనిపిస్తాయి. ముందు 2.4 గిగాహెర్ట్జ్‌లో, తర్వాత 5లో, వీలైతే తీగతో ఒకే ఆటను పదేసి నిమిషాలు ఆడి మూడుసార్లూ ఆ అంకెలు రాసుకోండి. నెట్‌వర్క్ అంకె తగ్గినా చేతికి బరువుగానే అనిపిస్తే టీవీ మోడ్ మళ్ళీ చూడండి, ఎందుకంటే టీవీ చేసే ఆలస్యం ఆ గణాంకాల్లోకి రాదు. డీకోడింగ్ అంకె ఒక్కటే 16 దాటి ఉంటే అప్పుడు నిజంగానే బాక్స్ చాలడం లేదు. రిజల్యూషన్‌ని 720పీకి దించి మళ్ళీ కొలవండి.

ఐదో పాఠంలో కరెంటు పోయినప్పుడు రౌటర్, ఫైబర్ డబ్బా, బాక్స్ మూడూ ఆగకుండా నడిచేలా చిన్న 12 వోల్టుల యూపీఎస్ కలపడం చూద్దాం. ఆ లోపు మీ ఫైబర్ డబ్బా అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని ఉందో రాసి పెట్టుకోండి.