అనంతపురానికి కొత్తగా వచ్చారా? రైతుబజారుకు వెళ్ళే ముందు

ఇల్లు దొరికింది, గ్యాస్ వచ్చింది, నీళ్ళు ఏ టైముకు వదులుతారో పక్కింటివాళ్ళు చెప్పారు. ఇక కూరగాయలు. రైతుబజారు ఎక్కడని ఏ ఆటోవాళ్ళనడిగినా తీసుకెళ్తారు, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. అసలు చిక్కు లోపలికెళ్ళి నోరు తెరిచాక మొదలవుతుంది.

మేము కాకినాడ నుంచి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిన మొదటి ఆదివారం నేను సంచి పట్టుకుని వెళ్ళి "ఆనపకాయ ఉందాండీ?" అని అడిగాను. "ఎంత గావల్లన్నా?" అంది అమ్మే ఆవిడ. "ఒక్కటి చాలు" అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, పక్కనున్న పచ్చటి కాయల కుప్పలోంచి వేలంత కాయ ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. పక్క దుకాణం వాళ్ళు కూడా నవ్వారు.

గోదావరి జిల్లాల్లో ఆనపకాయ అంటే సొరకాయ. ఇక్కడ అనపకాయ అంటే చిక్కుడు జాతి కాయ, గింజల కోసం కొంటారు. చలికాలం పంట, సంక్రాంతి ముందు కుప్పలుగా వస్తుంది. కాయలు ఒలిచి, గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున ఒక్కొక్కటీ వేళ్ళతో నొక్కితే తొక్క జారిపోయి పప్పు బయటికొస్తుంది. అదే పితికిపప్పు. ఓపిక కావాలి, ఇంట్లో అందరూ కూర్చోవాలి. కానీ ఆ పప్పుతో చేసిన పులుసు, వేడి రాగి సంగటి కలిపి తిన్నాక నాకు ఆ రోజు నవ్వులపాలైన సంగతి గుర్తు రాలేదు. సొరకాయ కావాలంటే సొరకాయ అనే అడగండి, అంతే.

మిగతా పేర్లూ కొన్ని ముందే తెలిసుంటే మంచిది. ఉల్లిపాయను ఎర్రగడ్డ అంటారు, వెల్లుల్లిని తెల్లగడ్డ అంటారు. బంగాళాదుంప ఉర్లగడ్డ, చిలగడదుంప గెనుసుగడ్డ. గోరుచిక్కుడు మటిక్కాయ, బొబ్బర్లు అలసందలు. పుచ్చకాయ కళింగర. బత్తాయి అని అడిగినా అర్థం చేసుకుంటారు గానీ ఈ జిల్లా తోటల్లో పండేదాన్ని చీనీ అంటారు, అలా అడిగితేనే బాగుంటుంది. మరమరాలను బొరుగులంటారు. అవి నానబెట్టి చేసే ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ ఇక్కడి టిఫిను. ఇంకో ముఖ్యమైన మాట "నాటు". నాటు టమేటా, నాటు కొత్తిమీర అని విడిగా అడగండి. నాటు టమేటా చూడటానికి వంకరటింకరగా ఉంటుంది, నాలుగు రోజులు నిలవదు, కానీ పులుపు దానిదే. చారుకు, పప్పుకు అది. సాంబారులో ముక్కలుగా కనపడాలంటే హైబ్రిడ్.

పిలుపు గురించి కూడా చెప్పాలి. మన వైపు అమ్మేవాళ్ళను "ఏవండీ" అని పిలుస్తాం. ఇక్కడ అన్నా, అక్కా, పెద్దావిడైతే అవ్వా. వాళ్ళు మిమ్మల్ని "రాప్పా, ఏం గావల్ల నీకు" అని ఏకవచనంలో పిలిస్తే చిన్నబుచ్చుకోకండి. మా ఆవిడ మొదట్లో నొచ్చుకుంది. ఇప్పుడు తనే "ఏమక్కా, వంకాయలు పొద్దున తెంపినవేనా" అంటోంది.

ఇక రేట్లు. రైతుబజార్లు 1999 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలయ్యాయి. పండించినవాళ్ళు దళారీ లేకుండా నేరుగా అమ్ముకోవాలన్నది ఆలోచన. అధికారులు పొలం, పంట చూసి రైతుకు గుర్తింపు కార్డు ఇస్తారు. రేటు ప్రతిరోజూ హోల్‌సేల్ ధరకూ బయటి చిల్లర ధరకూ మధ్యలో ఉండేలా ఖరారు చేసి బోర్డు మీద రాస్తారు. కాబట్టి సంచి నింపేముందు ఆ బోర్డు చూడండి. దాని మీదున్నదానికి బేరమాడటం దండగ. ఎవరైనా ఎక్కువ అడిగితే ఎస్టేట్ ఆఫీసరుకు, అంటే రైతుబజారు చూసుకునే అధికారికి, చెప్పొచ్చు. నేను ఆ పని ఒక్కసారే చేశాను, రెండో మాట లేకుండా సరిచేశారు. బేరం లేదు గానీ కొసరు ఉంది. నాలుగు రకాలు ఒకరి దగ్గరే కొంటే కరివేపాకు అడక్కుండానే సంచిలో పడుతుంది.

ధరలు మండిపోయినప్పుడు మాత్రం లోపల క్యూ చూడాల్సిందే. 2023 జూలైలో టమేటా కిలో వంద దాటితే ప్రభుత్వం రైతుబజార్లలో 50 రూపాయలకు అమ్మించింది. ఇంకొన్నిసార్లు ధర పడిపోతుంది, రైతు తెంపిన కూలి కూడా రాక పారబోస్తాడు. వాన నమ్మకం లేని జిల్లా ఇది. ఏడాది సగటు వానే సుమారు 550 మిల్లీమీటర్లు, అంత పడితే గొప్ప. అందుకే ఇక్కడివాళ్ళు టమేటా చవగ్గా ఉందంటే సంబరపడరు, ఎవరి తోట ఎండిందో, ఎవరు పంట పారబోశారో మాట్లాడుకుంటారు.

గేటు బయట రోడ్డు వారన అవ్వలు కూర్చుని ఉంటారు. వాళ్ళకు బోర్డు వర్తించదు. బయట బండ్లవాళ్ళ దగ్గర బేరమాడండి, తప్పు లేదు. నాలుగు ఆకుకూర కట్టలతో కూర్చున్న అవ్వ దగ్గర మాత్రం ఎందుకో నాకు నోరు రాదు. పైగా లోపల దొరకనివి వాళ్ళ దగ్గరే దొరుకుతాయి. వానలు పడ్డాక చెంచలాకు, పాయలాకు, ఎండాకాలం మొదట్లో చింతచిగురు. ఏ ఆకు ఎలా వండాలో అడిగితే వాళ్ళే చెబుతారు, "కందిబ్యాళ్ళలో వేసి ఎనుపు" అని. బ్యాళ్ళంటే పప్పు, ఎనపడమంటే పప్పుగుత్తితో మెదపడం.

పొద్దున ఏడుకల్లా వెళ్ళండి. మార్చి దాటితే తొమ్మిదికే ఎండ మాడ్చేస్తుంది, ఆకుకూరలు వాడిపోతాయి. సాయంత్రం వెళ్తే మిగిలినవి తగ్గించి ఇస్తారు గానీ ఏరుకోవడానికి ఉండవు. ఫోన్‌పే చాలామంది పెట్టుకున్నారు. అయినా పది, ఇరవై నోట్లు జేబులో ఉంచుకోండి. సంచులు రెండు పట్టుకెళ్ళండి, టమేటాలకు వేరేది.

మీరు వర్షాకాలం చివర్లో వచ్చారా? పచ్చి శనక్కాయలు వచ్చే వేళ అది. వేరుశనగ అనకండి, నవ్వకపోయినా తేడాగా చూస్తారు. మట్టి అంటుకుని, కొంచెం తడిగా ఉన్నవే కొనండి. రెండు మూడు సార్లు కడిగి, కల్లుప్పు వేసి, కాయలు మునిగేదాకా నీళ్ళు పోసి ఉడకబెట్టండి. రెండు కిలోలకు తక్కువ కొనొద్దు. వాసనకు పై వాటా పిల్లలు ఎలాగూ దిగి వస్తారు.