క్రిస్మస్ ఐలాండ్‌కి వెళ్ళాలంటే ముందు క్యాలెండర్‌లో చంద్రుణ్ణి చూస్కోండి

హిందూ మహాసముద్రంలో, జావాకి దక్షిణంగా ఓ 350 కిలోమీటర్ల దూరంలో 135 చదరపు కిలోమీటర్ల చిన్న దీవి ఉంది, పేరు క్రిస్మస్ ఐలాండ్. 1643 డిసెంబర్ 25న విలియం మైనర్స్ అనే కెప్టెన్ ఓడలో దీని పక్కనుంచి పోతూ పెట్టిన పేరు అది. ఇప్పుడు ఆస్ట్రేలియా కింద ఉంది, దాదాపు మూడింట రెండొంతులు నేషనల్ పార్కే. జనం 2 వేల లోపు, ఎర్ర పీతలు మాత్రం కోట్లలో! అవన్నీ గుంపుగా సముద్రానికి నడిచే వింత చూడ్డానికే ఈ ప్రయాణం.

1. డేట్ ఫిక్స్ చేస్కోవడం

అందరూ ఇక్కడే తప్పు చేస్తారు, లీవ్ దొరికింది కదా అని ముందు టికెట్ కొనేస్తారు. పీతలకి మీ లీవ్‌తో పనిలేదు కదా. అక్టోబర్, నవంబర్‌లో తొలి వానలు పడగానే అడవిలో ఉన్న పీతలన్నీ సముద్రం వైపు బయల్దేరతాయి, ముందు మగవి వెళ్ళి తీరం దగ్గర బొరియలు తవ్వుతాయి, ఆడవి వచ్చాక జతకట్టి మగవి మళ్ళీ అడవికి వెళ్ళిపోతాయి, ఆడవి మాత్రం ఓ రెండు వారాలు ఆ బొరియల్లోనే గుడ్లు మోస్తూ ఉండిపోతాయి. ఆ గుడ్లు సముద్రంలో వదిలేది బహుళ పక్షంలో, అంటే అష్టమి దాటి చంద్రుడు సన్నబడే రోజుల్లో, తెల్లారగట్ల, పోటు తిరిగి ఆటు మొదలయ్యే టైమ్‌కి. ఒక్కో ఆడ పీత దగ్గర లక్ష గుడ్ల దాకా ఉంటాయి, నీళ్ళు తగలగానే పిల్లలు బయటికి వచ్చేస్తాయి.

అందుకని బహుళ అష్టమికి ఓ రెండు మూడు రోజుల ముందు దిగేలా, కనీసం వారం ఉండేలా ప్లాన్ చేస్కోండి. గుడ్లు వదిలే రోజులు ఎప్పుడు రావచ్చో అక్కడివాళ్ళు ప్రతి ఏడూ ముందే అంచనా వేసి చెప్తారు, అది చూస్కోండి. కానీ గ్యారంటీ లేదు. వాన లేటైతే పీతలు వచ్చే నెల చంద్రుడి దాకా ఆగిపోతాయి, అప్పుడు మీరు ఎంత బతిమాలినా కదలవు.

2. డైవింగ్ కూడా కావాలా? అయితే ఇది చదవండి

చిక్కేంటంటే, పీతల సీజన్, సముద్రం అల్లరి చేసే సీజన్ రెండూ ఒకటే. నవంబర్ నుంచి మార్చి దాకా వాయువ్యం నుంచి పెద్ద అలలు వస్తే దీవి రేవైన ఫ్లయింగ్ ఫిష్ కోవ్ దగ్గర బోట్లు దింపడమే కష్టం. అట్లాగని మానుకోలేం, ఎందుకంటే వేల్ షార్క్‌లనే భారీ చేపలు వచ్చేది కూడా ఆ నెలల్లోనే, పీత పిల్లల్ని తినడానికే వస్తాయని చెప్తారు. నా లెక్క ఏంటంటే, మీకు డైవింగే ముఖ్యమైతే మే నుంచి సెప్టెంబర్ మధ్య ప్రశాంతంగా వెళ్ళండి, పీతలు ముఖ్యమైతే డైవ్‌లు బోనస్ అనుకోండి. రెండూ కావాలంటే రోజులు ఎక్కువ పెట్టుకోవాలి, వేరే దారి లేదు.

3. టికెట్, కాగితాలు

ఎక్కువమంది వెళ్ళేది పెర్త్ నుంచే, వారానికి కొన్ని ఫ్లైట్లే. ఆస్ట్రేలియా వీసా ఉంటే చాలు, కానీ కస్టమ్స్ లెక్కలో ఈ దీవి వేరే కాబట్టి డొమెస్టిక్ కదా అని తేలిగ్గా తీస్కోకండి, పాస్‌పోర్ట్ చేతిలో ఉండాలి. ఎయిర్‌పోర్ట్ దాదాపు 280 మీటర్ల ఎత్తులో ఉంది, కిందకి మబ్బు దిగితే ఫ్లైట్ దిగలేక వెనక్కి పోయిన సందర్భాలూ ఉంటాయి. అందుకే ముందూ వెనకా ఒక్కో రోజు ఖాళీ వదలండి. ఖర్చు ఆస్ట్రేలియన్ డాలర్లలో, సరుకంతా బయటి నుంచి రావాలి కాబట్టి ధరలు గట్టిగానే ఉంటాయి.

4. బండి

ఫోర్ వీల్ డ్రైవ్ ముందే బుక్ చేస్కోండి, మంచి చోట్లన్నీ మట్టి రోడ్ల చివరే ఉంటాయి. పీతలు నడిచే రోజుల్లో పార్క్ వాళ్ళు కొన్ని రోడ్లు మూసేస్తారు కాబట్టి పొద్దున్నే ఏవి తెరిచి ఉన్నాయో కనుక్కోండి. తెరిచిన రోడ్డు మీద కూడా పీతలు ఎదురైతే బండి ఆపి, దిగి, ఆకులు ఊడ్చే పంజా కర్రతో మెల్లగా పక్కకి జరపాలి. లేటవుతుంది, అవనివ్వండి. వాటికోసం రోడ్ల కింద దారులు, ఒకచోట 5 మీటర్ల ఎత్తున వంతెన కూడా కట్టారు, పీతలు దాని మీదెక్కి రోడ్డు దాటుతుంటే చూడాలి.

ఇంకోటి, అక్కడ దొంగ పీతలు ఉంటాయి, కొబ్బరి పీతలు అంటారు చూడండి అవే, నేల మీద బతికే పీతల్లో అన్నిటికన్నా పెద్దవి, 4 కిలోల దాకా తూగుతాయి. బయట చెప్పులు, తినే సామాను పెడితే లాక్కుపోతాయి, పేరు ఊరికే రాలేదు. ముట్టుకోకండి, కూర ఆలోచన అసలే వద్దు, చట్టం ఊరుకోదు.

5. అడవిలో

తల పైకెత్తి నడవండి. అబాట్స్ బూబీ అనే పక్షి ప్రపంచం మొత్తంలో ఇప్పుడు గూడు కట్టేది ఈ ఒక్క దీవిలోనే, అదీ ఎత్తైన చెట్ల మీద, కాబట్టి బైనాక్యులర్ మర్చిపోవద్దు. బంగారు రంగులో పొడుగు తోకతో ఎగిరే గోల్డెన్ బోసన్ పక్షి కూడా కనిపిస్తుంది. కొన్ని చోట్ల అడవిలో పీతలు లేకుండా, కింద మొక్కలు గుబురుగా పెరిగి ఉంటే దానికి కారణం ఎల్లో క్రేజీ యాంట్స్, బయటి నుంచి వచ్చి కోట్ల పీతల్ని చంపేసిన చీమలు అవి. ఈ చీమలకి తీపి ఇచ్చేది చెట్ల రసం పీల్చే స్కేల్ పురుగులు, అందుకని ఆ పురుగుల్ని తగ్గించడానికి 2016లో మలేషియా నుంచి చిన్న కందిరీగ తెచ్చి వదిలారు. ఇట్లాంటివి బయటి నుంచి మళ్ళీ రాకూడదనే మీ షూ, బ్యాగ్ మట్టి లేకుండా కడుక్కుని వెళ్ళమనేది.

6. నీళ్ళలో

డైవింగ్ నేర్చుకున్నట్టు ఇచ్చిన కార్డు, చేసిన డైవ్‌లు రాసుకునే లాగ్‌బుక్ తీస్కెళ్ళండి. ఈ దీవి సముద్రం అడుగు నుంచి లేచిన పెద్ద కొండ శిఖరం, అందుకని ఒడ్డుకి కాస్త దూరం వెళ్ళగానే గోడలా కిందకి పడిపోతుంది. నీళ్ళు ఎంత తేటగా ఉంటాయంటే ఎంత లోతుకి దిగామో తెలీదు, లోతు చూపించే డైవ్ కంప్యూటర్ మీద కన్నేసి ఉంచండి. థండర్‌క్లిఫ్ గుహలోకి నీళ్ళలోంచి వెళ్ళి లోపల తల పైకి తీయొచ్చు, టార్చ్ కావాలి, గైడ్ లేకుండా వద్దు. డైవింగ్ రాకపోయినా ఫ్లయింగ్ ఫిష్ కోవ్‌లో మాస్క్ పెట్టుకుని తేలితే చాలు, పగడాలు ఒడ్డు పక్కనే.

7. చివరి రోజు

వరసగా కొన్ని రోజులు డైవ్ చేశాక ఫ్లైట్ ఎక్కడానికి కనీసం 18 గంటలు గ్యాప్ ఉండాలి, 24 అయితే ఇంకా మేలు. ఆ రోజు ది డేల్స్ వైపు వెళ్ళండి, అక్కడ నీలం పీతలు కనిపిస్తాయి, ఇంకొంచెం నడిస్తే హ్యూస్ డేల్ జలపాతం. టవల్ ఒకటి బ్యాగ్ పైనే పెట్టుకోండి, తడవకుండా మాత్రం తిరిగి రారు.