సజీవ మేత, 3వ పాఠం: ఆర్టీమియా కడుపు నింపడం

చేపపిల్లలకు సజీవ మేతగా వేసే ఆర్టీమియా అనేది ఉప్పునీటిలో పెరిగే, రొయ్య జాతికి దగ్గరి చిన్న జీవి. గత పాఠంలో లీటరు ఉప్పునీటికి 2 గ్రాముల చొప్పున దాని గుడ్లు పొదిగించాం. సరుకు మంచిదైతే గ్రాముకు సుమారు రెండు లక్షల పిల్లలు దిగుతాయి, అంటే మిల్లీలీటరుకు 400. వీటిలో డీహెచ్‌ఏ అనే కొవ్వు దాదాపు ఉండదు. దాన్ని వాటి పొట్టలోకి ఎక్కించి, ఆ పొట్టతో సహా చేపపిల్లకు పెట్టడమే ఈసారి పని. గప్పీలు, మోలీలు పెంచేవారికి ఇంత తంటా అక్కర్లేదు. పండుగప్ప, క్లౌన్ ఫిష్ పిల్లలకు మాత్రం తప్పదు, ఆ కొవ్వును అవి సొంతంగా తగినంత తయారు చేసుకోలేవు.

పొదిగిన వెంటనే ఆ కొవ్వున్న నూనె పోస్తే దండగ. అప్పటికి వాటికి నోరే తెరుచుకోదు, ఒంట్లోని పచ్చసొన మీద బతుకుతుంటాయి. 28 డిగ్రీల దగ్గర దాదాపు 8 గంటలకు తొలి కుబుసం విడిచాకే తింటాయి. ఆలోగా పెంకులు వేరుచేసి, పిల్లల్ని 120 మైక్రాన్ల జల్లెడలో కడిగి, లీటరుకు 30 గ్రాముల కల్లుప్పు కలిపిన కొత్త నీళ్ళలోకి మార్చండి. లీటరు నీళ్ళలో పొదిగిన పిల్లలకు రెండు లీటర్ల కొత్త నీళ్ళు, అంటే మిల్లీలీటరుకు 200. ఇంతకంటే ఇరికించొద్దు.

ఇక ఎమల్షన్, అంటే నూనెను సన్నటి బొట్లుగా నీళ్ళలో కలిపిన పాలలాంటి ద్రవం. ఒక కోడిగుడ్డు పచ్చసొన, 5 మిల్లీలీటర్ల కాడ్ లివర్ ఆయిల్, 100 మిల్లీలీటర్ల నీళ్ళు మిక్సీలో మూడు నిమిషాలు తిప్పండి. ఒక చుక్క గ్లాసు నీళ్ళలో వేసి చూడండి: పాలలా కలిసిపోవాలి. పైన నూనె తళుకు తేలితే మళ్ళీ తిప్పాల్సిందే. పెద్ద బొట్లను పిల్లలు మింగలేవు, పైగా అవి కాళ్ళకు అంటుకుని ఈదనివ్వవు. పిల్లలున్న నీళ్ళలో లీటరుకు 2 మిల్లీలీటర్లు పోసి, 12 గంటలకు మరో 2 పోయండి. హేచరీలకు అమ్మే రెడీమేడ్ ఎమల్షన్‌లో డీహెచ్‌ఏ ఇంకా ఎక్కువ. దానికి మోతాదు డబ్బా మీద ఉంటుంది. ఇంటి మందును రెట్టింపు చేసి ఆ లోటు పూడ్చాలని చూడకండి, కాడ్ లివర్ ఆయిల్‌లోని విటమిన్ ఎ మితిమీరితే చేపపిల్లల ఎముకలు వంకరపోతాయి. విటమిన్ సి మాత్ర నూరి నీళ్ళలో కలపడమూ వృథాయే, అది నీళ్ళలో కరిగిపోతుంది తప్ప పొట్టలోకి పోదు.

పిల్లలు చచ్చేది ఎక్కువగా ఆక్సిజన్ చాలకే. మే నెల తిరుపతిలో డాబా మీది గదిలో నీళ్ళు తేలిగ్గా 33 దాటుతాయి. వేడినీళ్ళు ఆక్సిజన్‌ను పట్టి ఉంచవు, ఆ ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ పులిసిన పచ్చసొన లాగేస్తుంది. తొట్టిని తడి గోనెసంచిలో చుట్టండి, నీళ్ళలోకి గాలి ఊదే ఏరేటర్ గట్టిగా పెట్టండి. రాత్రి కరెంటు పోతే బ్యాటరీ ఏరేటర్ ఉండాల్సిందే.

భూతద్దంలో ఒంటి పొడవునా నిండుగా మసక గీత కనిపిస్తే కడుపు నిండినట్టే. 24 గంటలకు పిల్ల 0.8 మిల్లీమీటర్లకు దగ్గరపడుతుంది, కాబట్టి చిన్ననోటి చేపపిల్లలకు తొలి రోజుల్లో పనికిరాదు. నురగ పోయేదాకా కడిగి వెంటనే వేయండి. మిగిలితే ఫ్రిజ్‌లో, 10 డిగ్రీల లోపు, సన్నగా గాలి ఆడేలా ఉంచండి. బయట ఆకలితో ఉంటే ఎక్కించిన డీహెచ్‌ఏను అవే కరిగించేసుకుంటాయి.