పాత స్టాక్ కార్ రేసు ఫొటో ఏ ఏడాదిదో తేల్చడం ఎలా

1960ల నాటి అమెరికా నాస్కార్ (మామూలు అమ్మకపు కార్ల రూపంలో ఉండే స్టాక్ కార్ల పోటీలు నడిపే సంస్థ) రేసు ఫొటో ఒకటి తేదీ లేకుండా చేతికి వస్తే, చాలామంది ముందుగా కారు నంబరును చూస్తారు. నంబరు ఒక్కటే సరిపోదు, ఎందుకంటే రేసు డ్రైవర్ రిచర్డ్ పెట్టీ 43వ నంబరు ఆ దశాబ్దంలో దాదాపు ప్రతి ఏటా కనిపిస్తుంది. ట్రాక్ మీద ఏ కంపెనీ కార్లు ఉన్నాయో, అంతకంటే ముఖ్యంగా ఏ కంపెనీ కార్లు లేవో ముందు చూడాలి.

జనరల్ మోటార్స్ 1963 జనవరిలో రేసులకు అధికారిక సాయం ఆపేసింది. అప్పటి నుంచి ముందు వరుసల్లో ఆ సంస్థ తయారు చేసే షెవర్లే, పాంటియాక్ కార్లు పలచబడి, పోరు ఫోర్డ్, క్రైస్లర్ సంస్థల మధ్యే సాగింది. ఫోర్డ్ కార్లే గుంపుగా ఉండి, క్రైస్లర్‌కు చెందిన ప్లిమత్, డాడ్జ్ జట్ల జాడ లేకపోతే అది 1965 సీజన్ తొలి భాగం అయ్యే అవకాశం ఎక్కువ. ఫ్లోరిడాలో జరిగే పెద్ద రేసు డేటోనా 500లో 1964లో పెట్టీ 200 ల్యాపుల్లో 184 ల్యాపులు ముందుండి గెలిచాడు. ఆ గెలుపు వెనుక ఉన్న క్రైస్లర్ వారి 426 హెమీ (426 ఘనపు అంగుళాల, అర్ధగోళపు దహన గదులున్న) ఇంజిన్‌ను మరుసటి ఏడాదికి నాస్కార్ నిషేధించడంతో క్రైస్లర్ అలిగి తప్పుకుంది, ఫోర్డ్ ఆ ఏడాది 55 రేసుల్లో 48 గెలిచింది. 1966లో అలక ఫోర్డ్ వంతయింది. ఓవర్‌హెడ్ క్యామ్ (కవాటాలను తెరిచే ఇరుసు పైభాగాన) ఉన్న తన 427 ఇంజిన్ విషయంలో పేచీ పెట్టుకుని కొన్ని నెలలు పక్కకు జరిగింది.

బానెట్ తెరిచి ఉన్న ఫొటో దొరికితే పని సులువవుతుంది. హెమీ ఇంజిన్‌కు ఇరువైపులా వెడల్పాటి మూతలుంటాయి. స్పార్క్ ప్లగ్ వైర్లు ఆ మూతల మధ్యలోంచే లోపలికి దిగుతాయి. అప్పటి మామూలు ఫోర్డ్ 427లో ప్లగ్గులు మూతల కింద, పక్కగా ఉంటాయి.

1968 తరువాతి ఫొటోల్లో కారు వెనుక అద్దాన్ని చూడాలి. కొన్ని కార్ల వెనుక నిలబెట్టిన ఎత్తైన రెక్క మీదికే అందరి కళ్లూ పోతాయి గాని, నా లెక్కలో అద్దమే నికరమైన సాక్షి. 1968 డాడ్జ్ చార్జర్‌లో ఆ అద్దం రెండు పక్కల రేకుల మధ్య గుంటలో ఉండేది. వేగం పెరిగితే గాలి అక్కడ సుడి తిరిగి కారు వెనుక భాగాన్ని పైకి లేపేది. 1969 చార్జర్ 500లో అద్దాన్ని పైకప్పు వాలుకు సమంగా అమర్చి, లోపలికి ఉన్న గ్రిల్‌ను ముందుకు తెచ్చారు. దానికి జవాబుగా ఫోర్డ్ ముక్కు సాగదీసిన టొరినో టలడేగాను దించింది. 43వ నంబరు ఫోర్డ్ కారు మీద కనిపిస్తే మరో మాట అక్కర్లేదు, అది 1969; పెట్టీ అడిగిన డాడ్జ్ కారును క్రైస్లర్ ఇవ్వకపోవడంతో ఆ ఒక్క ఏడాదికి ఫోర్డ్‌కు మారాడు.

రెక్క, సూది ముక్కు రెండూ ఉన్నది డాడ్జ్ అయితే 1969 సెప్టెంబరులో అలబామాలోని టలడేగా ట్రాకులో మొదటిసారి పరుగెత్తిన చార్జర్ డేటోనా, లేదా 1970లో నడిచిన అదే కారు. ప్లిమత్ అయితే 1970 నాటి సూపర్‌బర్డ్. దాని రెక్క స్తంభాలు వెనక్కి ఎక్కువగా వాలి ఉంటాయి. ఇలాంటి వింత ఆకారాలు వీధుల్లోకీ రావడానికి కారణం నియమావళే: 1969లో కనీసం 500 కార్లు జనానికి అమ్మకానికి పెట్టాలి, 1970 కోసం ప్రతి ఇద్దరు డీలర్లకు ఒకటి చొప్పున తయారు చేయాలి. అందుకే సూపర్‌బర్డ్‌లు 1,900కు పైగా తయారయ్యాయి. (ఫోర్డ్ తెలివి చూడండి: బాస్ 429 ఇంజిన్‌ను మస్టాంగ్‌లో పెట్టి అమ్మి, రేసులో టొరినోకు బిగించింది.) ఈ కార్లను పెద్ద ట్రాకుల కోసమే తయారు చేశారు కాబట్టి, చిన్న ట్రాక్ ఫొటోలో రెక్క లేనంత మాత్రాన అది 1970 కాదని కొట్టిపారేయకూడదు.

1970 మార్చి 24న డ్రైవర్ బడ్డీ బేకర్ ఒక చార్జర్ డేటోనాను టలడేగాలో గంటకు 200.447 మైళ్ల వేగంతో, అంటే సుమారు 323 కిలోమీటర్ల వేగంతో నడిపాడు. 1971కి నాస్కార్ రెక్కల కార్లకు 305 ఘనపు అంగుళాల ఇంజిన్ పరిమితి పెట్టడంతో జట్లు వాటిని వదిలేశాయి. అయినా 1971 డేటోనా 500 ఫొటోలో రెక్క ఉన్న డాడ్జ్ ఒకటి కనిపిస్తే తేదీ తప్పని అనుకోవద్దు. అది చిన్న ఇంజిన్‌తోనే దిగి డ్రైవర్ డిక్ బ్రూక్స్ ఏడో స్థానానికి తెచ్చిన కారు.