వాంపైర్ ప్రేమకథ రాద్దాం – 4వ పాఠం: వద్దన్నవాళ్ళ మాటలో న్యాయం ఉండాలి

పోయిన పాఠంలో ఒక పని చెప్పాను గుర్తుందా, మీ వాంపైర్ ఆకలిని ఒక పేజీలో రాయమన్నాను, రక్తం అనే మాట ఒక్కసారి కూడా వాడకుండా. రాసినవాళ్ళకి ఈపాటికి అర్థమై ఉంటుంది, ఆ ఒక్క మాట తీసేసేసరికి కొత్తవి వెతుక్కోవాల్సి వస్తుంది, పక్కన కూర్చున్న పిల్ల మెడ దగ్గర కొట్టుకునే నాడి, ఆమె జడ వెనక్కి వేసుకున్నప్పుడల్లా వీడు కిటికీవైపు తిరగడం, గుక్కతిప్పుకోకుండా నీళ్ళు తాగినా గొంతు ఎండిపోయే ఉండటం. రాయనివాళ్ళు ముందు అది రాసుకుని రండి, ఎందుకంటే ఇవాళ్టి పాఠం ఆ పేజీ మీదే నిలబడుతుంది.

ఇవాళ్టి విషయం నిషేధం. వాళ్ళిద్దరూ ఎందుకు కలవకూడదు?

దీనికి చాలామంది దగ్గర ఉండే జవాబు "ఆ అమ్మాయి మనిషి, వాడు వాంపైర్, రెండువైపులా పెద్దలు ఒప్పుకోరు" అని. నా మొదటి నవల డ్రాఫ్ట్‌లో కూడా అదే ఉంది. పదకొండు చాప్టర్లు రాశాక నా ఫ్రెండ్‌కి చదవమని ఇచ్చాను, అంతా చదివి ఒకే ప్రశ్న అడిగింది, "వీళ్ళిద్దరూ ఎటైనా వెళ్ళిపోతే ఏమవుతుంది?" నా దగ్గర జవాబు లేదు. ఏమీ కాదు, హాయిగా ఉంటారు. అంటే నేను పదకొండు చాప్టర్లు ఏడిపించింది ఒక బస్సెక్కితే తీరిపోయే కష్టం గురించన్నమాట. మొత్తం పక్కనపెట్టి మళ్ళీ మొదలుపెట్టాను, బాధేసింది గానీ ఈ పాఠంలో చెప్పేదంతా ఆ రెండోసారి రాస్తున్నప్పుడు నేర్చుకున్నదే.

కాబట్టి మీ కథని కూడా ఆ ప్రశ్నే అడగండి. పారిపోతే తీరిపోయేదైతే అది నిషేధం కాదు, అడ్డంకి. అడ్డంకిని దాటేస్తే సరిపోతుంది. నిషేధాన్ని దాటితే ఎవరికో ఏదో జరుగుతుంది, నిజంగా జరుగుతుంది, పైగా వద్దన్నవాళ్ళు ముందే చెప్పింది చెప్పినట్టు జరుగుతుంది. వద్దనే మనిషి మూర్ఖుడైతే రీడర్ మొదటి పేజీలోనే ప్రేమికుల పక్షాన చేరిపోయి నిశ్చింతగా కూర్చుంటాడు, ఇక భయపడటానికేం మిగల్లేదు. అదే వద్దనే మనిషిది న్యాయమైతే చూడండి, రీడర్ మనసు రెండుగా చీలిపోతుంది, కలవాలనీ ఉంటుంది, వద్దురా బాబూ అనీ ఉంటుంది. ఈ జానర్ మొత్తం ఆ చీలిక మీదే బతుకుతోంది.

ఇది కొత్తగా పుట్టిందేం కాదు. షెరిడాన్ లే ఫాను రాసిన కార్మిల్లా అనే కథ పుస్తకంగా వచ్చింది 1872లో, అంటే డ్రాకులా కంటే పాతికేళ్ళు ముందు. లారా అనే పందొమ్మిదేళ్ళ అమ్మాయి, వాళ్ళింటికి అతిథిగా వచ్చిన కార్మిల్లా అనే వాంపైర్, ఆ ఇద్దరి మధ్యే కథంతా. గుర్రబ్బండి ప్రమాదం జరిగితే ఆ పిల్లని ఇంట్లో ఉండనిచ్చింది స్వయంగా లారా తండ్రే. లారాకి కార్మిల్లా అంటే ఆరాధన, అదే సమయంలో ఏదో జుగుప్స, రెండూ కలిసే ఉంటాయి, రెండిట్లో ఏదీ అబద్ధం కాదు. దీని అల్లిక చూడండి, కార్మిల్లా ఎంత దగ్గరవుతుంటే లారా అంత నీరసించిపోతుంటుంది. ప్రేమ పెరగడం, జబ్బు ముదరడం రెండూ ఒకే దారంతో కుట్టాడాయన. బయటనుంచి ఎవరూ వచ్చి అడ్డుపడక్కర్లేదు, ఆ దగ్గరితనంలోనే ప్రమాదం ఉంది. మీ కథలో కూడా వాళ్ళని దగ్గర చేసే విషయమే వాళ్ళని చంపే విషయం అవ్వాలి, అలా అయితే సగం పని అయిపోయినట్టే.

ఇప్పుడు రూల్స్ సంగతి. ఎండ తగిలితే కాలిపోవాలా, వెల్లుల్లి పడదా, అద్దంలో కనపడడా అని లిస్టు వేసుకుని కూర్చుంటారు చాలామంది. అవేవీ చట్టాలు కావండీ. 1897 నాటి డ్రాకులా నవలలో కౌంట్ డ్రాకులా పట్టపగలు లండన్ వీధిలో కనిపిస్తాడు, పగలు శక్తులు తగ్గుతాయంతే, కాలి బూడిదవ్వడు. ఎండకి చావడం అనేది 1922లో జర్మనీలో తీసిన నోస్ఫెరాటు అనే మూకీ సినిమాతో స్థిరపడింది. అంటే మీకు ముందు వచ్చినవాళ్ళు కూడా తమ కథకి ఏది కావాలో అది పెట్టుకున్నారు. మీరూ పెట్టుకోండి, కాకపోతే పెట్టే ప్రతి రూల్‌నీ ఒకటే అడగండి: ఇది ఈ ఇద్దరి దగ్గర్నుంచి ఏం లాక్కుంటోంది? ఎండలోకి రాలేడు అంటే ఆమె ఆడే మ్యాచ్ ఒక్కటి కూడా చూడలేడు, ఫొటోలో పడడు అంటే అతను పోయాక ఆమె దగ్గర చూసుకోడానికి ఏమీ ఉండదు. వెల్లుల్లి ఏం లాక్కుంటోంది? నాకైతే ఏమీ తట్టలేదు, అందుకే తీసేశాను. మీకు తడితే ఉంచండి.

అన్నిట్లోకీ నాకు బాగా ఇష్టమైన రూల్ పిలుపు. ఇంట్లోవాళ్ళు ఎవరైనా పిలిస్తే తప్ప వాంపైర్ గడప దాటలేడు, ఒకసారి పిలిచాక ఎప్పుడు కావాలంటే అప్పుడు రావచ్చు, ఇది డ్రాకులా నవలలో స్పష్టంగా ఉంది. ప్రేమకథకి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి. లోపలికి పిలవడం, పిలవకపోవడం పూర్తిగా ఆ అమ్మాయి చేతిలో పని. కానీ ఈ రూల్‌ని ఉన్నదున్నట్టు పెడితే సరిపోదు, పిలిస్తే ఏమవుతుందో దానికో బరువు ఉండాలి. నా కథలో లీనాకి పదిహేడేళ్ళు, ఆరన్ పదిహేడేళ్ళప్పుడు వాంపైర్‌గా మారినవాడు. నేను కలిపిన రూల్ ఏంటంటే, ఒక వాంపైర్‌ని పిలిస్తే వాణ్ణి మార్చినవాడికి కూడా ఆ గడప తెరుచుకున్నట్టే. ఆరన్ మంచివాడే కావచ్చు, వాణ్ణి మార్చినవాడు కాదు. ఆ ఇంట్లో లీనా తమ్ముడు ఉన్నాడు, ఆరేళ్ళవాడు. పిలవొద్దని చెప్పేది అమ్మమ్మ, ఆవిడ ఒకప్పుడు ఎవరినో పిలిచింది, ఆ తర్వాత ఆ ఇంట్లో ముగ్గురు ఉండాల్సినచోట ఆవిడొక్కతే మిగిలింది. ఇప్పుడు చెప్పండి, అమ్మమ్మ మూర్ఖురాలా? బస్సెక్కి వెళ్ళిపోతే తీరుతుందా? ఆరన్‌ని మార్చినవాడు వెతుక్కుంటూ వస్తాడు, లీనా ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి గడపకే.

ఇక సీన్. పాత డ్రాఫ్ట్‌లో ఇలా ఉండేది:

"ఆరన్, మనం కలవకూడదు" అంది లీనా కన్నీళ్ళతో. "తెలుసు, కానీ నిన్ను చూడకుండా ఉండలేను" అన్నాడతను. బయట ఉరిమింది.

ఇందులో తప్పేమీ లేదు, అలాగని ఏమీ లేదు కూడా. ఈ డైలాగ్ ఎవరి నోట్లో పెట్టినా అతుకుతుంది. నిషేధం మాటల్లో ఉంది, గదిలో లేదు. రెండోసారి రాసినప్పుడు "కలవకూడదు" అనే మాట వాడకూడదని పెట్టుకున్నాను:

వాన. ఆరన్ గుమ్మం అవతల తడుస్తున్నాడు. ఒక్క అడుగు ముందుకేస్తే చూరు కిందకొస్తాడు, వెయ్యట్లేదు. లీనా గడప మీంచి తువ్వాలు విసిరింది. పట్టుకున్నాడు, తుడుచుకోలేదు, ముఖానికి ఆనించుకుని అలాగే ఉండిపోయాడు.
"ఉతికిందేనా?"
"కాదు. నేను వాడుతున్నదే."
గబగబా మడతపెట్టి గడప పక్కన పెట్టి రెండడుగులు వెనక్కి జరిగాడు.
లోపల గదిలో తమ్ముడు దగ్గాడు. ఇద్దరూ అటు చూశారు. లీనా తలుపు కొంచెం దగ్గరికి లాగింది.
"తెల్లవారుతోంది" అంది.
"ఊఁ."
రోజూ అందరితో అనే మాటే, నోటిదాకా వచ్చింది. మింగేసింది.
"వెళ్ళు."

ఆ ఆఖరి మాట దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే ఇది తెలుగులో రాసేవాళ్ళకి ఊరికే దొరికిన వరం. మనం ఎవరినీ "వెళ్ళు" అని పంపం, "వెళ్ళిరా" అంటాం, వెళ్ళేవాళ్ళు కూడా "వెళ్తాను" అనరు, "వెళ్ళొస్తాను" అంటారు. మన వీడ్కోలు లోపలే పిలుపు దాక్కుని ఉంది. పిలిస్తే గడప తెరుచుకునే లోకంలో లీనా ఆ అబ్బాయికి మామూలుగా వీడ్కోలు చెప్పడానికి కూడా వీల్లేదు, ప్రేమగా అనాల్సిన మాటని నరుక్కుని సగమే అనాలి, వినేవాడికి అది ఎంత కటువుగా తగులుతుందో తెలిసి కూడా అనాలి. నాలుగో చాప్టర్ నుంచి ప్రతిసారీ "వెళ్ళు" అనే అంటుంది. ఎప్పుడో ముప్పయ్యో చాప్టర్‌లో నిద్రమత్తులో "వెళ్ళిరా" అనేస్తే, ఆ "రా" వినగానే రీడర్ పుస్తకం మూసి మళ్ళీ తెరవాలి. దీన్ని వేరే భాషలోంచి తెచ్చుకోలేం, మన దగ్గరే ఉంది, వాడుకోండి.

సీన్‌లో ఇంకొకటి గమనించారా, ఆకలి ఎక్కడా పేరుపెట్టి చెప్పలేదు. తువ్వాలు ఆమె వాడుతున్నదే అని తెలియగానే వదిలేశాడు చూడండి, అక్కడుంది. మీరు పోయిన పాఠంలో రాసిన పేజీ ఇలాంటి చోట ముక్కలు ముక్కలుగా పనికొస్తుంది, మొత్తం ఒకేచోట కుమ్మరించకండి.

చట్టాల సంగతి తొందరగా ముగిస్తాను. నల్ల అంగీలు వేసుకున్న వాంపైర్ పెద్దల సభ, రహస్యం బయటపడితే మరణశిక్ష, ఇవి పెట్టుకోవచ్చు గానీ వాటంతట అవి బరువు మోయవు, ఎవరో దూరంగా కూర్చుని శిక్ష వేస్తారంటే రీడర్‌కి వాళ్ళ మీద కోపమే వస్తుంది తప్ప చీలిక రాదు. బాధ్యతలోంచి పుట్టిన నిషేధం అంతకంటే గట్టిది. 2007లో వచ్చిన వాంపైర్ అకాడమీ నవలలో రోజ్, దిమిత్రి ఇద్దరూ ఒకే అమ్మాయికి కాపలాదారులు కావాల్సినవాళ్ళు, ప్రేమించుకుంటే ప్రమాదం వచ్చిన క్షణాన ఆ అమ్మాయిని వదిలేసి ఒకరినొకరు కాపాడుకుంటారు, అందుకని కుదరదు. ఎంత న్యాయమైన అడ్డో చూడండి, వాళ్ళకే తెలుసు అది న్యాయమని. దీనికి గడువు కూడా ఒకటి తోడైతే ఇంకా బిగుస్తుంది. పాలిడోరి రాయగా 1819లో అచ్చైన ది వాంపైర్ కథలో ఆబ్రీ అనే కుర్రాడు ఒక వాంపైర్ గురించి ఒక ఏడాది ఒక రోజు నోరు విప్పనని ప్రమాణం చేస్తాడు, ఆ గడువు తీరేలోపే అతని చెల్లెలికి ఆ రాక్షసుడితో పెళ్ళి కుదురుతుంది. రెండొందల ఏళ్ళైనా ఆ గడువు ఇప్పటికీ ఊపిరి బిగబట్టిస్తుంది.

ఇక వయసు. దీన్ని తప్పించుకోకండి, ఎందుకంటే మన పుస్తకం పట్టుకునేవాళ్ళలో పదమూడు పధ్నాలుగేళ్ళ పిల్లలు ఉంటారు. ముఖం పదిహేడు, బతికింది వందేళ్ళు, అలాంటివాడు ఒక పదిహేడేళ్ళ అమ్మాయి ముందు నిలబడితే బలం అంతా ఒకవైపే ఉంది, అనుభవం, శరీరం, రహస్యాలు అన్నీ. ఇది కూడా నిషేధమే, నా దృష్టిలో అన్నిటికంటే నిజమైనది. అమ్మాయికి తెలియకుండా రాత్రిళ్ళు కిటికీ దగ్గర నిలబడి ఆమె నిద్రపోతుంటే చూడటాన్ని ప్రేమగా రాయకండి, దయచేసి. బలం ఎక్కువున్నవాడే ముందు వెనక్కి తగ్గాలి, ఆమె వద్దంటే ఆ వద్దు చెల్లాలి, అది కథలో ఒక్కసారైనా రీడర్ కళ్ళతో చూడాలి, అప్పుడే తర్వాత ఆమె ఊఁ అన్న మాటకి విలువ. పిలుపు రూల్ నాకు అంత ఇష్టం కావడానికి ఇదీ ఒక కారణం, గడప ఆమెది.

ఈ వయసు తేడాని చూపించడానికి కూడా తెలుగులో చక్కటి పనిముట్టు ఉంది, నువ్వు, మీరు. క్లాస్‌మేట్ అనుకున్నంతకాలం లీనా ఆరన్‌ని నువ్వనే అంటుంది. నిజం తెలిసిన మర్నాడు మాట్లాడుతూ మాట్లాడుతూ "మీరు తినరు కదా" అనేస్తుంది, అనుకోకుండా. వాడి ముఖం చూడండి అక్కడ. ఒక్క అక్షరం మర్యాద, వందేళ్ళ దూరం. ఆ తర్వాత ఆమె మళ్ళీ నువ్వు అనడానికి ఎన్ని పేజీలు పడుతుందో అదే మీ ప్రేమకథ నడక. నేను మూడు చాప్టర్లు పట్టించాను, ఇప్పుడు చూసుకుంటే ఇంకా ఆలస్యం చేయాల్సింది అనిపిస్తోంది.

ఇప్పుడు మీ పని. వద్దనే మనిషిని ఒకరిని ఎంచుకోండి, సభలు సంఘాలు కాదు, ఒక్క మనిషి. ఆ మనిషి గొంతులోనే ఒక పేజీ రాయండి, నేను అనే పలుకుతూ, ఎందుకు వద్దంటున్నానో. ఆ పేజీ చదివితే మీరే ఒప్పుకోవాలి, వీళ్ళిద్దరూ కలవకూడదు అనిపించాలి మీక్కూడా, అనిపించలేదంటే ఆ మనిషి ఇంకా ఏదో దాస్తోంది, ఏం పోగొట్టుకుందో అడిగి మళ్ళీ రాయండి. రాశాక పక్కన పెట్టేసి వాళ్ళిద్దరూ గడపకి చెరోవైపు ఉన్న సీన్ పదిహేను వాక్యాల్లో రాయండి, కలవకూడదు, ప్రేమ, రక్తం, ఈ మూడు మాటలూ లేకుండా, చేతులు మారే వస్తువు ఒక్కటి ఉండేలా. నా సీన్‌లో తువ్వాలు వాడేశాను కాబట్టి మీరు వేరేది చూసుకోండి. వచ్చే పాఠంలో గడప అవతలివాడి సంగతి, ఆరన్‌ని మార్చినవాడు, వాడు మొదటిసారి కథలోకి ఎలా రావాలి అన్నది. ఆ పాఠానికి అమ్మమ్మ పేజీ మీ పక్కనే ఉండాలి, ఆవిడ అప్పుడు పిలిచింది ఎవరినో అందులోంచే తేలుతుంది.