హనుమకొండ నుంచి బ్రిటిష్ ఓపెన్‌కి: ఫారం ఈజీ, నంబరే కష్టం

మొన్న జులైలో మా అక్క కొడుకు రాత్రిపూట టీవీలో బ్రిటిష్ ఓపెన్ గోల్ఫ్ పోటీ చూస్తూ చూస్తూ "మామా, ఓపెన్ అని పేరెందుకు పెట్టిండ్రు, నేను గూడ పోవచ్చా?" అన్నాడు. నవ్వబోయి ఆగాను, ఎందుకంటే జవాబు నిజంగానే "పోవచ్చు". 1860లో స్కాట్లాండ్‌లోని ప్రెస్ట్‌విక్‌లో ఎనిమిది మంది ప్రొఫెషనల్స్‌తో మొదలైన పోటీ అది, మరుసటి ఏడాదే అమెచ్యూర్లకు, అంటే పైసల కోసం కాకుండా ఆడేవాళ్లకు కూడా తలుపు తీశారు. ఇప్పటికీ ప్రొఫెషనల్ అయినా సరే, ఆట స్థాయి చెప్పే నంబర్, అంటే హ్యాండిక్యాప్ ఇండెక్స్, 0.4 దాటని అమెచ్యూర్ అయినా సరే (నంబర్ ఎంత తక్కువైతే ఆట అంత మంచిది), దరఖాస్తు పెట్టుకోవచ్చు. నీది ఏ ఊరు, మీ నాన్న ఏం చేస్తాడు అని ఎవరూ అడగరు, అడిగేది ఆ నంబరే. అందుకే బూట్లు, బ్యాగు, టోపీ కొనే ముందు నంబర్ సంగతి చూడండి.

నంబర్ అంటే ఏంటంటే, కోర్సు పార్, అంటే 18 హోల్స్‌లో బంతి వేయడానికి పెట్టిన దెబ్బల లెక్క, 72 అనుకోండి, మీ మంచి రోజుల్లో 90 దగ్గర కొడుతున్నారంటే మీ హ్యాండిక్యాప్ సుమారు 18. దాన్ని 0.4కి తేవడమంటే ఎవరి సాయం లేకుండా, గాలి ఉన్నా ఎండ ఉన్నా, పార్ పక్కనే తిరగగలగడం. 2020 నుంచి చాలా దేశాల్లో ఒకటే లెక్క నడుస్తోంది, మన దగ్గరా అదే. మొత్తం 54 హోల్స్ స్కోర్లు, అంటే మూడు పూర్తి రౌండ్లు, ఇస్తే మొదటి ఇండెక్స్ వస్తుంది. మొదట్లో అది ఎంత పెద్దగా ఉన్నా సిగ్గుపడక్కర్లేదు, 54 వరకూ ఇస్తారు. 20 రౌండ్లు నిండాక వాటిలో మంచివి ఎనిమిది తీసి సగటు కడతారు కాబట్టి ఒక చెడ్డ రోజుకి టెన్షన్ పడొద్దు, స్కోరు కార్డు మాత్రం దాచుకోవద్దు. చెడ్డ కార్డులు దాచి నంబర్ తగ్గించుకున్నవాళ్లు మొదటి టోర్నీలోనే దొరికిపోతారు.

ఇక స్థలం. మనవాళ్లకి అసలు చిక్కు ఇక్కడే. 18 హోల్స్ ఆడాలంటే కాజీపేటలో పొద్దున్నే రైలెక్కి హైదరాబాద్ పోవాలి. గోల్కొండ కోట నయాఖిలా పక్కన ఒక కోర్సు ఉంది, గచ్చిబౌలి వైపు బౌల్డర్ హిల్స్ ఉంది. మెంబర్లు కానివాళ్లని ఏ రోజు రానిస్తారు, ఫీజు ఎంత, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. మేం ఒకసారి అడక్కుండా ఒక క్లబ్‌కి బ్యాగు మోసుకుని పోయి, ఆ రోజు లోపల ఏదో పోటీ ఉందని గేటు దగ్గర నుంచే తిరిగొచ్చి, బిర్యానీ తిని ఇంటికొచ్చాం. మిగతా రోజుల్లో ఇంట్లో జంపఖానా పరిచి పుటింగ్, అంటే బంతిని నేల మీద దొర్లించి హోల్‌లో వేయడం, చేయండి, సగం దెబ్బలు గ్రీన్ (హోల్ చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) మీదా దాని చుట్టుపక్కలా పోతాయి గనక ఇది చిన్న పని కాదు. పొద్దున వాకింగ్ చేసేవాళ్లు తిరిగే గ్రౌండ్లో మాత్రం డ్రైవర్, అంటే దూరం కొట్టే పెద్ద కర్ర, తీయకండి, దండం పెడతా, తలలు పగులుతాయి.

ఇప్పుడు అడ్డదారి ముచ్చట, ఎందుకంటే ఎవరో ఒకరు అడుగుతారు: "నంబర్ లేకపోతే ప్రొఫెషనల్ అని రాసుకుంటే పోలా?" 1976లో ఇంగ్లండ్‌లో మారిస్ ఫ్లిట్‌క్రాఫ్ట్ అనే క్రేన్ ఆపరేటర్ సరిగ్గా అదే చేశాడు. అమెచ్యూర్‌గా పోదామంటే హ్యాండిక్యాప్ లేదు, అందుకని ఫారంలో ప్రొఫెషనల్ అని టిక్ పెట్టి ఫార్మ్‌బీలో జరిగిన క్వాలిఫయింగ్‌కి దిగాడు. 18 హోల్స్‌కి 121 కొట్టాడు, పార్ కంటే 49 ఎక్కువ. నిర్వాహకులు నిషేధిస్తే తర్వాత దొంగ పేర్లతో మళ్లీ వచ్చాడు. ఆ మనిషంటే నాకు ఇష్టమే, కానీ అప్పటి నుంచి దరఖాస్తులు గట్టిగా చూస్తున్నారు.

సరే, నంబర్ వచ్చిందనుకుందాం. మొత్తం 156 మంది ఆడే పోటీలో ఎక్కువ చోట్లు ముందే నిండిపోతాయి: ప్రపంచ ర్యాంకింగ్‌లో మొదటి 50 మంది, పాత చాంపియన్లు, కిందటి ఏడాది మొదటి పదిలో నిలిచినవాళ్లు, వేర్వేరు టూర్లలోని (ప్రొఫెషనల్ టోర్నీల వరుసలు) కొన్ని టోర్నీల్లో ముందున్నవాళ్లు. మన చండీగఢ్ కుర్రాడు శుభంకర్ శర్మ 2023లో రాయల్ లివర్‌పూల్‌లో ఎనిమిదో స్థానం పంచుకున్నాడు, ఓపెన్‌లో మనవాళ్లలో ఎవరికీ అంత పైకి రావడం కుదరలేదు. దాంతోనే 2024కి చోటు ఖాయమైంది. ఇవేవీ లేనివాళ్లకి మిగిలింది క్వాలిఫయింగ్. ముందు రీజనల్, అక్కడ 18 హోల్స్. గట్టెక్కితే ఫైనల్ క్వాలిఫయింగ్, ఒకే రోజు 36 హోల్స్, ఒక్కో కోర్సులో డెబ్బై మంది దాకా ఆడితే పైకి వెళ్లేది నలుగురైదుగురు. ఈ ఫైనల్ క్వాలిఫయింగ్ జరిగేది బ్రిటన్‌లోనే, సముద్రపు ఒడ్డున గాలి కొట్టే లింక్స్ కోర్సుల మీద. కాబట్టి ఆట ఎంత బాగున్నా, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా 36 హోల్స్ నడిచే కాళ్లు లేకపోతే మధ్యాహ్నానికే కథ ముగుస్తుంది. వేసవిలో రోజూ పద్మాక్షి గుట్ట ఎక్కి దిగమని మా వాడికి చెప్పాను, కోచ్ కాదు, నేను చెప్పిన మాట. ఇంకోటి, బంతిని తక్కువ ఎత్తులో, నేలకి దగ్గరగా పోయేట్టు కొట్టడం నేర్చుకోండి, గాలిలోకి లేపితే అది ఎటు పోతుందో దేవుడికే తెలియాలి.

అమెరికా ఓపెన్‌ది కూడా దాదాపు ఇదే పద్ధతి: ముందు 18, తర్వాత 36, అక్కడా నంబర్ 0.4. అమెరికాలోనే జరిగే ఇంకో పెద్ద పోటీ మాస్టర్స్ వేరే, అది పూర్తిగా ఆహ్వానం మీదే, క్వాలిఫయింగ్ లేదు.

పెద్ద నిర్ణయం ఇంకొకటి ఉంది: ప్రొఫెషనల్ ఎప్పుడు కావాలి? తొందరపడకండి అంటాను నేను. 2009లో మొదలైన ఆసియా పసిఫిక్ అమెచ్యూర్ గెలిస్తే మాస్టర్స్‌కీ ఓపెన్‌కీ రెండింటికీ చోటు వస్తుంది, ఆ దారి అమెచ్యూర్లకే. దానికి ఇండియన్ గోల్ఫ్ యూనియన్ పెట్టే జూనియర్, అమెచ్యూర్ టోర్నీల్లో పైకి రావాలి. అమెచ్యూర్‌గా ఓపెన్ ఆడితే పైసలు రావు, కట్ (సగం ఆట అయ్యాక జరిగే వడపోత) దాటినవాళ్లలో ముందున్న అమెచ్యూర్‌కి వెండి పతకం ఇస్తారు. ఇల్లు గడవాలంటే మాత్రం 2006లో మొదలైన మన దేశపు ప్రొఫెషనల్ టూర్ పీజీటీఐ ఉంది, దాని క్వాలిఫయింగ్ స్కూల్‌లో నెగ్గితే దేశంలో టూర్ ఆడొచ్చు, అక్కణ్నుంచి ఏషియన్ టూర్. ఇది డబ్బున్నోళ్ల ఆట అనేవాళ్లకి ఎస్ఎస్పీ చౌరాసియా పేరు చెప్పండి, కోల్‌కతా కోర్సులో గడ్డి చూసుకునే పనివాడి కొడుకు, ఇండియన్ ఓపెన్ 2016లోనూ 2017లోనూ గెలిచాడు. మన అర్జున్ అత్వాల్‌ది ఇంకో కథ, అమెరికా టూర్ కార్డు, అంటే అక్కడ ఆడే హక్కు, పోయాక 2010లో టోర్నీకి ముందు సోమవారం జరిగే క్వాలిఫయర్ ఆడి లోపలికొచ్చి, అదే వారం విండమ్ చాంపియన్‌షిప్ ఎత్తుకుపోయాడు.

మా వాడి నంబర్ ఇప్పుడు 21. వచ్చే ఆదివారానికి కాజీపేట నుంచి టికెట్లు తీశాను, క్లబ్‌కి ఫోన్ కూడా చేశాను. బూట్లు మాత్రం ఇంకా కొనివ్వలేదు.