మంచులో గాలం: రంధ్రం ఎంత వెడల్పు ఉండాలి?

గడ్డకట్టిన సరస్సు మీద మంచుకు రంధ్రం తొలిచి, అందులోంచి గాలం దించి చేపలు పట్టడం నా సరదా. ఆ రంధ్రం తొలిచేందుకు నేను మొదట కొన్న బరమా పది అంగుళాల వెడల్పుది. రంధ్రం ఎంత పెద్దదైతే చేప అంత పెద్దది వస్తుందనుకున్నాను. అది చేత్తో తిప్పే రకం. సరస్సు మీద ఆ పొద్దున మూడు రంధ్రాలు తొలిచేసరికి లోపలి చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. ఆ తడి చల్లబడ్డాక మధ్యాహ్నమంతా వణుకుతూ కూర్చున్నాను. పడినవి అరచేతిలో ఇమిడే నాలుగు పెర్చ్ చేపలు. నాలుగు అంగుళాల రంధ్రంలోంచి కూడా అవి హాయిగా పైకి వచ్చేవే.

తర్వాత లెక్క వేసుకుంటే నా తెలివితక్కువ బయటపడింది. ఇరవై అంగుళాల మందం ఉన్న మంచులో ఆరు అంగుళాల రంధ్రం వేస్తే బయటికి తీసే మంచు సుమారు ఎనిమిదిన్నర కిలోలు. ఎనిమిది అంగుళాలైతే 15 కిలోలు. పది అంగుళాలైతే దాదాపు 24. వెడల్పు రెట్టింపు కాకపోయినా మోయాల్సిన మంచు మాత్రం మూడింతలకు చేరువవుతోంది. చేపలు ఒకచోట కుదురుగా ఉండవు కనుక రోజుకు పది, పదిహేను రంధ్రాలైనా వేయాల్సి వస్తుంది. చేత్తో తిప్పేవారికి ఈ తేడా భుజాల్లో తెలుస్తుంది. బ్యాటరీ బరమా ఉన్నవారికి ఛార్జింగ్ ఎంతసేపు నిలిచిందన్న దాంట్లో తెలుస్తుంది.

ఆ అనుభవంతో మరుసటి ఏడాది ఆరు అంగుళాలకు దిగాను. పెర్చ్, బ్లూగిల్, క్రాపీ లాంటి చిన్న చేపలకు అది దివ్యంగా సరిపోయింది, పైక్ అనే పొడవాటి వేట చేప ఒకటి గాలానికి తగిలేదాకా. పావుగంట లాగి, వదిలి, మళ్లీ లాగాక దాని మూతి రంధ్రం అడుగున కనిపించింది. పైకి తిరగబోయి పక్కకు జారింది. మళ్లీ వచ్చింది, మళ్లీ జారింది. మూడోసారి దాని నోటి బయట వేలాడుతున్న రెండో కొక్కెం మంచు అడుగు అంచుకు పట్టుకుంది. ఇక చేప ఒకవైపు, మంచు ఒకవైపు, దారం మధ్యలో. టప్‌మన్న చప్పుడు కూడా రాలేదు, చేతిలో బరువు మాయమైందంతే.

అప్పుడు నేర్చుకున్నదే ఇప్పుడు చెబుతున్నాను. చేప పొడవును బట్టి కాదు, దాని నడుమును బట్టి రంధ్రం ఎంచుకోండి. మీరు వెళ్లే నీళ్లలో పడే పెద్ద చేప చుట్టుకొలతను 3.14తో భాగించండి. 16 అంగుళాల చుట్టుకొలత అంటే సుమారు అయిదు అంగుళాల వెడల్పు. చేప పూర్తి గుండ్రం కాదు కాబట్టి వీపు నుంచి పొట్ట వరకు ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. దానికి రెండు అంగుళాలు కలపండి. ఎందుకంటే నీళ్లలో అడ్డంగా ఈదే చేప రంధ్రం అడుగున నిలువుగా తిరగాలి, తల లోపలికి రావాలి, ఒక్కోసారి మీ చేయి కూడా దూరాలి. తల ఒకసారి రంధ్రంలోకి వచ్చిందంటే మిగతా ఒళ్లు దాని వెంటే వస్తుంది. కష్టమంతా ఆ మొదటి మలుపులోనే.

ఈ లెక్కన చిన్న చేపలకు ఆరు, వాల్‌ఐ అనే మధ్యరకం చేపకు, ఒక మోస్తరు పైక్‌కు ఎనిమిది, భారీ పైక్‌కు, పెద్ద లేక్ ట్రౌట్‌కు పది. ఒక్కటే కొనగలిగితే ఎనిమిది కొనండి. నాలుగేళ్లుగా నా దగ్గర ఉన్నది అదే.

నీళ్లలో చేప ఎక్కడుందో ప్రతిధ్వనితో చూపే సోనార్ పరికరం వాడేవారికి ఇంకో మాట. ధ్వనిని పంపి అందుకునే దాని గ్రాహకం కూడా అదే రంధ్రంలో వేలాడుతుంది. ఆరు అంగుళాల్లో అదీ, దారమూ ఇరుక్కుంటాయి. చేప గిర్రున తిరిగిందంటే రెండూ జడలా పెనవేసుకుంటాయి. చేప గాలానికి తగలగానే గ్రాహకాన్ని పైకి తీసేయడం అలవాటు చేసుకోండి. బాగా చలిగా ఉన్న రోజున రంధ్రం గోడలు లోపలికి పేరుకుంటూ వస్తాయని కూడా గుర్తుంచుకోండి. పొద్దున ఆరు అంగుళాలున్నది సాయంత్రానికి ఆరు ఉండదు. చిల్లుల గరిటెతో తుక్కుమంచు తీస్తూ అంచులు కూడా గీకండి.

చిన్న బరమాతో వెళ్లి పెద్ద చేపల చోటు దొరికితే? మధ్యలో రెండు అంగుళాల గోడ వదిలి పక్కనే రెండో రంధ్రం వేసి, ఆ గోడను పలుగుతో పగలగొట్టండి. ఆనించి వేద్దామంటే బరమా మొదటి రంధ్రంలోకే జారుతుంది. ఇదంతా గాలం దించకముందే చేసుకోవాలి. చేప తగిలాక పక్కన తొలిస్తే మీ దారాన్ని మీ బరమా బ్లేడే కోసేస్తుంది. ఇది నాకు కాదు, నాతో వచ్చిన మిత్రుడికి జరిగింది. ఆ రోజంతా అతను ఆ మాటెత్తనివ్వలేదు.

మొదటి రంధ్రం చేపల కోసం కాదు, మంచు మందం చూడడానికి. నడిచే మనిషికి గట్టి, పారదర్శకమైన మంచు కనీసం నాలుగు అంగుళాలు కావాలి. తెల్లగా పాలిపోయిన మంచు బలం అందులో సగమే, కనుక దానికి రెట్టింపు మందం చూసుకోండి. చాలాచోట్ల రంధ్రం వెడల్పుకు చేపలవేట నిబంధనలే హద్దు పెడతాయి. బరమా కొనకముందే అవి చదవండి.

వెళ్లేటప్పుడు రంధ్రం పక్కన మంచును కుప్పగా పోసి ఒక ఎండుకొమ్మ గుచ్చి రండి. పది అంగుళాల రంధ్రంలో పెద్దవాళ్ల కాలు కూడా దిగిపోతుంది. పైన పలుచగా పొర కట్టి, దాని మీద కొత్త మంచు రాలిందంటే అక్కడ రంధ్రం ఉందని వేసినవాడికి కూడా కనిపించదు.